నడిచి చూడవలసిన దీవులను నౌక మీద నుంచి చూపించారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు ప్రచురించిన గ్రీకు దీవుల వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఫొటోలు అందంగా ఉన్నాయి. కానీ వ్యాసం మొత్తం ఒక పెద్ద నౌకలో మూడు రాత్రులు, సాంటొరినిలో ఒక సాయంత్రం, మికొనోస్‌లో ఒక మధ్యాహ్నం, ఇంతటితో ముగిసింది. ‘ఈ దీవుల్లో సూర్యాస్తమయం తప్ప పెద్దగా చూడవలసింది లేదు’ అని మీ రచయిత రాసిన వాక్యం దగ్గర నాకు చాలా బాధ కలిగింది. అది నిజం కాదు. ఆ మాట నమ్మి వెళ్లే పాఠకులు చాలా పోగొట్టుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు రోడ్ల నిర్మాణంలో పనిచేసి విరమించిన ఇంజినీరును. వయసు అరవై మూడు. 2025 ఏప్రిల్ చివర్లో నేనూ నా భార్యా గ్రీసు వెళ్లి, పదహారు రోజులు నక్సోస్, అమోర్గోస్, సాంటొరిని దీవుల్లో కాలినడకన తిరిగాం. మాతో గైడు లేడు, బృందం లేదు. రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లు. ఒక్కరోజు మాత్రం పదిహేను దాకా నడిచాం. కొండలెక్కే అలవాటు మా ఇద్దరికీ లేదు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి రోజూ ఉదయం గంటన్నర నడిచి, మెట్లు ఎక్కి దిగి సిద్ధమయ్యాం.

ఇలాంటి యాత్ర గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. అక్కడ కొన్ని సంస్థలు ఊరూరా మనకు గది మాట్లాడి పెడతాయి. ఉదయం మన పెట్టెలను కారులో తరువాతి ఊరికి చేరుస్తాయి. చేతికి ఒక మ్యాపు, దారి వివరాలున్న కాగితాలు ఇస్తాయి. నడవడం మన పని. ఎంత పొద్దున బయలుదేరాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ చెట్టు కింద ఎంతసేపు ఆగాలి అన్నది పూర్తిగా మన ఇష్టం. నక్సోస్‌లో మేము ఈ పద్ధతిలో వెళ్లాం. అమోర్గోస్‌లో మాత్రం ఏ సంస్థనూ ఆశ్రయించకుండా, పెట్టెలను ఒకే ఊరి గదిలో ఉంచుకుని, చిన్న సంచీతో రోజూ ఒక దారి పట్టి వెళ్లి వచ్చాం. రెండూ చూసిన మీదట నాకు రెండోదే నచ్చింది.

నన్ను ఆ దీవులకు కట్టిపడేసినవి దారులు. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ రేవుకూ మధ్య, పొలానికీ కళ్లానికీ మధ్య కంచరగాడిదలు నడవడానికి పరిచిన రాతిబాటలవి. గ్రీకులు వాటిని కల్దెరిమి అంటారు. నేను మొదటిసారి అలాంటి బాట మీద కాలు పెట్టింది నక్సోస్ మధ్యభాగంలో, హల్కి అనే ఊరి వెలుపల, ఆలివ్ తోటల మధ్య. పది నిమిషాలు నడిచాక ఆగిపోయి వంగి చూశాను. రాళ్లను పడుకోబెట్టలేదు, అంచు మీద నిలబెట్టి బిగించారు. అందుకే జంతువు డెక్క జారదు. వాలు ఎక్కువైన చోట అడ్డంగా ఒక పొడుగు రాయి లేచి ఉంటుంది. ఆ రాయికీ తరువాతి రాయికీ మధ్య దూరం మనిషి అడుగుకు కాక, బరువు మోసే జంతువు అడుగుకు సరిపోయేలా ఉంది. ఆ అడ్డురాళ్లే వాననీటిని పక్కకు మళ్లిస్తాయి. బాటకు రెండు పక్కలా నడుమెత్తు గోడలు. జంతువు చేలో పడకుండా అవి కంచె, చేలోంచి ఏరిన రాళ్లకు అదే చోటు. సిమెంటు లేదు, సున్నం లేదు. మా వృత్తిలో వాలు, నీటిపారుదల, అంచుకట్టు అని మూడు పేర్లతో మూడు నక్షాలు గీసే పనిని, నక్షా గీయడం రాని చేతులు ఒకే కట్టడంలో చేసి పెట్టాయి. నేను వేసిన రోడ్లలో మూడు వర్షాకాలాలకే కోతపడినవి ఉన్నాయి. ఆ బాట ముందు నిలబడి చాలాసేపు మౌనంగా ఉండిపోయాను.

హల్కి నుంచి పనగియా ద్రొసియాని అనే చిన్న రాతి చర్చి మీదుగా మోని ఊరికి ఎక్కే దారి మా మొదటి రోజు నడక. ఆ చర్చి వెయ్యేళ్లకు పైబడినది. లోపల చాలా పాత కుడ్యచిత్రాలు వెలిసిపోయిన రంగుల్లో ఇంకా కనిపిస్తాయి. ఈస్టరు వెళ్లి వారం దాటింది. మేము దిగిన ఇంటావిడ ఎర్రరంగు వేసిన ఉడికిన గుడ్లు రెండు మా చేతిలో పెట్టి, దారిలో తినమని సైగ చేసింది. మే 1వ తేదీన ఊళ్లో ప్రతి తలుపుకూ అడవిపూలతో చుట్టిన దండ వేలాడింది. గసగసాల జాతి ఎర్రపూలు, పసుపు చామంతులు, మధ్యలో ఒక వెల్లుల్లి పాయ. ఆ దండలను ఎండిపోయాక కూడా తీయరట. జూన్ 24న సెయింట్ జాన్ పండుగ మంటల్లో వేస్తారట. గుమ్మానికి పచ్చదనం కట్టే అలవాటు మనదీ కాబట్టి నా భార్య ప్రతి ఇంటి ముందూ ఆగి ఆ దండల అల్లిక చూసింది. ఆ రోజు నాలుగు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. నౌక షెడ్యూలులో ఇలాంటి మూడు గంటలు ఉండవు.

ఇక చేదు అనుభవం కూడా చెప్పాలి. సంస్థ ఇచ్చిన దారి కాగితాల్లో మూడోరోజు ‘తెల్లని చిన్న చర్చి దగ్గర ఎడమకు తిరగండి’ అని ఉంది. ఆ దీవిలో కొండకొకటి, పొలానికొకటి తెల్లని చిన్న చర్చి ఉంటుంది. కాగితం రాసినప్పుడు అక్కడ ఒక్కటే ఉందేమో, మాకు కనుచూపు మేరలో మూడు కనిపించాయి. మేము తిరిగిన దారి కిలోమీటరు వెళ్లాక కొత్తగా తవ్విన మట్టిరోడ్డులో కలిసిపోయింది. పాత బాటను యంత్రంతో కోసేసి, ఆ మట్టీ రాళ్లూ దాని మీదే కుమ్మరించారు. ముళ్లపొదల్లోంచి ఎదరికి పోలేక, వచ్చిన దారినే వెనక్కి నడిచాం. సాయంత్రం సంస్థకు ఫోను చేస్తే, ఆ కాగితాలు కొన్నేళ్లుగా మార్చలేదని ఒప్పుకున్నారు. డబ్బు తీసుకుని దారి చెప్పేవారు ఏడాదికొకసారైనా ఆ దారిని నడిచి చూడాలి. ఇది చిన్న విషయం కాదు. నీళ్లు అయిపోయిన మనిషి తప్పుదారిలో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

అప్పటి నుంచి ఆ కాగితాలు సంచీలో పెట్టేసి మ్యాపునే నమ్ముకున్నాం. నడకదారులు గుర్తించిన గ్రీకు మ్యాపులు పుస్తకాల దుకాణాల్లో దొరుకుతాయి. అనవాసి అనే సంస్థ వేసినవి దీవికొకటి చొప్పున ఉంటాయి. కొండ ఎత్తులు, ఊటలు, చర్చిలు, గుర్తులు వేసిన బాటల నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఫోనులో మ్యాపు ఉండనే ఉంది కదా అనవచ్చు. లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ అందలేదు.

మేము తిరిగిన మూడు దీవులూ సైక్లడీస్ అనే దీవుల గుంపులోవి. ఆ గుంపు అంతటికీ ఎత్తయిన శిఖరం నక్సోస్‌లోనే ఉంది. జాస్, అంటే జ్యూస్ దేవుడి కొండ. సుమారు వెయ్యి మీటర్లు. అయా మరీనా అనే చిన్న చర్చి నుంచి ఎక్కితే దారి సులువు. ఆ దారి పక్క ఒక రాతి మీద ‘మందలను కాచే జ్యూస్ కొండ’ అని అర్థమొచ్చే ప్రాచీన గ్రీకు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఈనాటికీ అక్కడ మేకల మెడగంటలే వినిపిస్తాయి కాబట్టి ఆ మాటకు కాలదోషం పట్టలేదు. దిగేటప్పుడు రెండో వైపు గుహ మీదుగా వచ్చాం. రాళ్లు జారే నిటారు దిగుడు అది. నా భార్య మోకాళ్లు ఆ రాత్రంతా నొప్పి పెట్టాయి. ఎక్కిన దారినే దిగడం మేలు. గుహ దాటి కిందికి వస్తే ఫిలోతి ఊరి పైన అరియా అనే ఊట ఉంది. పెద్ద చెట్ల నీడ, రాతి తొట్టి, చల్లని నీరు. అంత ఎండిన దీవిలో ఆ నీళ్ల చప్పుడు విన్నప్పుడు ఊట పక్కన గుడి ఎందుకు కడతారో అర్థమవుతుంది.

అమోర్గోస్‌కు ‘స్కోపెలిటిస్’ అనే చిన్న పడవలో వెళ్లాం. ఇరాక్లియా, స్కినూసా, కూఫోనిసి వంటి బుల్లి దీవుల్లో ఒక్కొక్కచోట ఆగుతూ అది సాగుతుంది. బియ్యం బస్తా, గ్యాసు బండ, పెళ్లి కేకు, ఒక మేక, అన్నీ ఎక్కాయి, దిగాయి. అమోర్గోస్ ముప్పై కిలోమీటర్లకు పైగా పొడవున్న సన్నని దీవి. ఒకవైపు అది గోడలాగా సముద్రంలోకి నిలువునా దిగిపోతుంది. ఆ కొండగోడకు అతికించినట్టు, సముద్రానికి దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తున, హోజోవియోతిస్సా మఠం ఉంది. పదకొండో శతాబ్దం నాటిది. వరుసగా ఎనిమిది అంతస్తులు, కానీ వెడల్పు చూస్తే అయిదు మీటర్లకు మించదు. లోపల కొన్నిచోట్ల కొండే గోడ. తలవంచి, భుజం పక్కకు తిప్పి మెట్లెక్కాలి. మోకాళ్లు కనిపించే దుస్తులతో లోపలికి రానివ్వరు, అది అక్కడి మర్యాద. నడిచి వచ్చినవారికి సాధువులు ఒక గ్లాసు మంచినీళ్లు, ఒక మిఠాయి ముక్క, తేనె కలిపిన చిన్న మద్యం గ్లాసు ఇస్తారు. మేము మద్యం తీసుకోలేదు. అడగకుండానే మాకు రెండో గ్లాసు మంచినీళ్లు వచ్చాయి.

మఠం కింద నుంచి మొదలయ్యే దారిని పలియా స్త్రాతా, అంటే పాత బాట, అంటారు. మోటారు రోడ్డు రాకముందు దీవి ముఖ్య పట్టణమైన హోరా నుంచి దీవి ఉత్తరపు కొసన ఉన్న ఎగియాలికి మనుషులూ సరుకులూ ఈ దారినే వెళ్లేవి. మేము ఉదయం ఏడింటికి బయలుదేరి ఆరు గంటల్లో చేరాం. కాళ్లలో సత్తువ ఉన్నవారికి అయిదు గంటలు చాలు. కొన్నిచోట్ల రెండు పక్కలా సముద్రం కనిపిస్తుంది. కొండవాము, మరువం, సేజ్ ఆకుల మీద కాలు పడితే చాలు, గాలి అంతా వాసన. దారి మధ్యలో అస్ఫొందిలితిస్ అనే దాదాపు ఖాళీ అయిపోయిన పల్లె ఉంది. అక్కడి రాళ్ల మీద, గోడల మీద ఎప్పుడో ఎవరో చెక్కిన మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. చేతులు పట్టుకుని ఆడుతున్నవారు, వాయిద్యం పట్టినవారు. ఆ పల్లెలో ఎవరూ లేని ఒక వసారాలో కూర్చుని రొట్టె, జున్ను తిన్నాం. ఆరు గంటల నడకలో మాకు ఎదురైన మనుషులు నలుగురు. నలుగురూ ‘కలిమేరా’, అంటే శుభోదయం, అన్నారు. ఒకతను ‘కలో ద్రోమో’ అని కూడా అన్నాడు. దారి బాగుండాలి అని దాని అర్థం. రోడ్డు మనిషినైన నాకు అంతకన్నా మంచి దీవెన ఎవరూ ఇవ్వలేదు.

ఎగియాలి వద్ద కొండ మీద థోలారియా, లంగాడా అని రెండు ఊళ్లు. ఆ రెంటినీ కలిపే బాట మీద నాలుగో రోజు ఒక వృద్ధుడిని చూశాం. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. వానకు కూలిన మెట్టచేను గోడను ఒంటరిగా తిరిగి కడుతున్నాడు. పక్కన కంచరగాడిద. నాకు గ్రీకు రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను నా చేతులు చూపించి, రోడ్డు వేస్తున్నట్టు అభినయించాను. ఆయనకు ఏమి అర్థమైందో కానీ, ఒక రాయి నా చేతికిచ్చి ఖాళీ చూపించాడు. నేను చదునైన ముఖం బయటికి వచ్చేలా పెట్టాను. ఆయన దాన్ని తీసి, పొడుగు కొస గోడ లోపలికి పోయేలా తిప్పి పెట్టి, వెనక సందుల్లో చిల్లరాళ్లు కుక్కి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. చూడటానికి నేను పెట్టిందే బాగుంది. నిలబడేది మాత్రం ఆయన పెట్టిందే. గంటసేపు అక్కడే ఉండి నేను రాళ్లందించాను, నా భార్య చిల్లరాళ్లు ఏరి పెట్టింది. వెళ్లబోతుంటే ఆయన సంచీలోంచి రెండు నిమ్మకాయలు తీసి ఆమెకిచ్చాడు.

సున్నం, సిమెంటు లేని ఈ రాతి కట్టుబడి విద్యను గ్రీసు సహా ఎనిమిది దేశాల పేరిట యునెస్కో 2018లో మానవాళి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాట ఇంటికి వచ్చాక తెలిసింది. కానీ జాబితాలో పేరుంటే గోడ నిలబడదు. ఆ దీవుల కొండలన్నీ మెట్లు మెట్లుగా చేలు. సేద్యం వదిలేసినవారు వెళ్లిపోయాక ఒక్కో గోడా కడుపు ఉబ్బి కూలుతుంది. కూలిన చోటి నుంచి వానకు మట్టి కొట్టుకుపోతుంది. కింది గోడ మీద ఆ భారం పడి అదీ పోతుంది. బాటల గతీ అంతే. నాలుగేళ్లు ఎవరూ నడవకపోతే ముళ్లపొద మూసేస్తుంది. నడిచేవారు వస్తుంటే ఊళ్లో ఒక కాఫీ దుకాణం తెరిచి ఉంటుంది, దానివల్ల ఎవరో ఒకరు పొద నరుకుతారు. అండ్రోస్ దీవిలో స్థానికులూ స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి నూరు కిలోమీటర్లకు పైగా బాటలు శుభ్రం చేసి గుర్తులు పెట్టారు. వాటికి 2015లో ఐరోపా నడక సంఘాల సమాఖ్య నాణ్యతా గుర్తింపు వచ్చింది. మీ వ్యాసంలో అండ్రోస్ పేరే లేదు.

మరో విషయంలో మీ వ్యాసం ప్రమాదకరం కూడా. ‘జూన్ నుంచి ఆగస్టు వరకు అనువైన కాలం’ అని రాశారు. ఈత కోసమైతే కావచ్చు, నడకకు ఎంతమాత్రం కాదు. 2024 జూన్‌లో గ్రీకు దీవుల్లో ఎండవేళ నడకకు వెళ్లిన పలువురు విదేశీయులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో దారులు తెలిసినవారు, ఆరోగ్యంగా ఉన్నవారు ఉన్నారు. ఆ కొండల మీద చెట్టు నీడ లేదు, తెల్లరాయి వేడిని తిరిగి ముఖానికే కొడుతుంది. ఎండకు అలవాటుపడినవాళ్లం, మాకేమవుతుంది అని మనవాళ్లు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. మే మొదటివారంలోనే, ఇరవై అయిదు డిగ్రీల ఎండలో, జాస్ కొండ మీద నా రెండు లీటర్ల నీళ్లు మధ్యాహ్నం పన్నెండుకే అయిపోయాయి. ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా వెళ్లాలి. మనిషికి రెండున్నర లీటర్లు మోయాలి. వెళ్తున్న దారి పేరు గది యజమానికి చెప్పి బయలుదేరాలి. ఆపదలో 112కు ఫోను చేయాలి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి ఉధృతమైతే పడవలనే ఆపేస్తారు. కాబట్టి విమానానికి ముందు ఒకరోజు ఖాళీ పెట్టుకోవాలి. ఇంకొక మాట: దారిలో తీగతో కట్టిన మేకల గేట్లుంటాయి. తీసినవారే మళ్లీ కట్టాలి.

సాంటొరిని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఫిరా ఊరి నుంచి ఇయా ఊరి దాకా అగ్నిపర్వతం పేలి మిగిల్చిన అంచు మీద పది కిలోమీటర్లు ఉదయం ఆరింటికి మొదలుపెట్టి నడిచాం. కింద కనిపించే ఆ నీలపు గుంట సుమారు మూడువేల ఆరువందల ఏళ్ల నాటి మహావిస్ఫోటంతో ఇప్పటి రూపానికి వచ్చినది. మేము వెళ్లిన 2025లోనే, ఫిబ్రవరిలో, సాంటొరినికీ అమోర్గోస్‌కూ మధ్య సముద్రం అడుగున ఎడతెగని భూప్రకంపనలు వచ్చి, వేలమంది దీవి విడిచి వెళ్లారు. అంటే అది ఫొటో తెర కాదు, ప్రాణమున్న నేల. పది గంటలకు నౌకలు వచ్చాయి, అంతే, ఇయా సందుల్లో నిలబడే చోటు లేదు. పదిహేనువేలకు పైచిలుకు జనాభా ఉన్న దీవి అది. నౌకల నుంచి దిగేవారిని రోజుకు 8,000కు పరిమితం చేయవలసి వచ్చింది. 2025 జులై నుంచి వేసవి నెలల్లో అక్కడ దిగే నౌకాయాత్రికుడి మీద 20 యూరోల రుసుము కూడా పెట్టారు. మీ వ్యాసం ఈ సంగతీ చెప్పలేదు.

దయచేసి ఈ దీవుల మీద మరో వ్యాసం వేయించండి. నడిచినవారితో రాయించండి. కాలం, నీళ్లు, మ్యాపు, పడవలు, ఈ నాలుగూ అందులో ఉండాలి. నా అమోర్గోస్ మ్యాపు మీద ఊటలు, నీడ ఉన్న చోట్లు, గుర్తులు చెరిగిపోయిన మలుపులు, యంత్రంతో కోసేసిన ముక్కలు పెన్సిలుతో రాసి ఉంచాను. నిజంగా అక్కడికి నడకకు వెళ్లదలచిన పాఠకులు మీ కార్యాలయానికి రాస్తే, ఆ మ్యాపు నకలు మీ ద్వారా పంపిస్తాను. అసలు ప్రతి మాత్రం నా దగ్గరే ఉంటుంది. వచ్చే సెప్టెంబరులో దాని అవసరం మాకు మళ్లీ ఉంది.

ఇట్లు,
విశ్రాంత రోడ్ల ఇంజినీరు